విదోయే మేస్త్రీ వద్దన్న కార్లు

మా ఊళ్లో పాత కారు కొనాలని బుద్ధి పుట్టినవాడు ముందు అమ్మేవాడి దగ్గరికి వెళ్లడు. విదోయే మేస్త్రీ ఇంటికి వెళ్తాడు. వెళ్లి తలుపు కొడితే మేస్త్రీ రాడు, ఆయన భార్య మిలూంకా వస్తుంది. చేతులకు పిండి అంటుకుని ఉంటుంది. ముఖాన "మళ్లీ ఒకడు తయారయ్యాడు" అని రాసి ఉంటుంది. అయినా కూర్చోబెట్టి కాఫీ కలిపి ఇస్తుంది, ఆ కారు ఎక్కడుంది, ఎవరిది, ఎన్నాళ్లుగా నిలబెట్టి ఉంది అని ఆరా తీస్తుంది. మేస్త్రీ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి సగం సంగతి ఆవిడకు తెలిసిపోయి ఉంటుంది.

కారంటే మా ఊరు క్రాగుయెవత్స్‌లో ఒకటే కారు, ఫీచా. కాగితాల మీద దానికి వేరే పేరుంది గానీ ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు. పొట్టి బండి, ఇంజను వెనక, సామాను ముందు. ఒక కాలంలో ఈ దేశం దేశమంతా అందులోనే స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకుంది. పెళ్లికీ, పురిటికీ, సముద్రానికీ అందులోనే వెళ్లింది. వాటి ఒంటి రేకులు వంచిన చేతుల్లో విదోయే చేతులు కూడా ఉన్నాయి. ఊళ్లోని కార్ల ఫ్యాక్టరీలో రేకుల విభాగంలో చేరినవాడు అక్కడే జుట్టు నెరిసి బయటికొచ్చాడు. ఇప్పుడు ఫీచాలు కొనేవాళ్లు రెండు రకాలు. చిన్నప్పటి కారు మీద బెంగ పెట్టుకున్న ముసలాళ్లు ఒక రకం, చేతిలో డబ్బు ఆడుతున్న కుర్రాళ్లు రెండో రకం. ఇద్దరినీ మోసం చేయడం తేలికే. అందుకే మేస్త్రీకి ఆదివారం తీరిక ఉండేది కాదు.

మిలూంకా కూడా వెంట వెళ్లేది. ఆదివారం పూట ఒక్కతే ఇంట్లో కూర్చుని సూప్ మరగడం చూడ్డం ఆవిడ వల్ల కాదు. ఒక చేతిలో మడిచిన అట్టముక్క, మరో చేతిలో సంచీ. అట్టముక్క మేస్త్రీ కారు కింద పడుకోవడానికి. సంచీలో పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం, చేతిరుమాల్లో చుట్టి ఉండేది.

వెళ్లేది పొద్దున్నే వెళ్లాలి. వెళ్లగానే, అమ్మేవాడు చాచిన చెయ్యి కూడా పట్టుకోకుండా, విదోయే వెనక మూత మీద అరచెయ్యి వేసేవాడు. వెచ్చగా తగిలిందంటే ఆ మనిషి వీళ్లు రాకముందే ఇంజను ఒకసారి లేపి ఉంచాడన్నమాట. చల్లగా ఉన్నప్పుడు అది మొండికేస్తుందని వాడికి బాగా తెలుసన్నమాట. "పొద్దున్నే ఎక్కడికైనా వెళ్లొచ్చారా?" అని మేస్త్రీ మర్యాదగా అడిగేవాడు. అమ్మేవాడు నీళ్లు నమిలేవాడు. తర్వాత మేస్త్రీ రుమాల్లో చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల కింద పట్టీ వెంట మెల్లగా నడిపించేవాడు. మంచి రేకైతే టక్కున అతుక్కునేది. లప్పం పూసి రంగు కొట్టిన చోట చేతిలోంచి జారి కింద పడేది. అడుగున కొత్తగా నల్లటి తారు పూసి ఉంటే ఇక పడుకుని చూడ్డం కూడా అనవసరం. పుండు లేనివాడు కట్టు కట్టుకోడు కదా.

వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకోటి ఉంది. కారు చూసేదాకా ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదు. మా వాళ్ల సంగతి తెలిసిందే. గుమ్మం ఎక్కితే చాలు, చెంచాడు పళ్ల పాకం, గ్లాసుడు నీళ్లు, రేగుపళ్ల సారా, ఆ వెనకే మీగడ, రొట్టె, మాంసం. ఆ ఉప్పు తిన్న నోటితో మీ బండి కుళ్లిపోయిందని ఎవడు చెప్పగలడు? మా ఊళ్లో సగం మంది చెత్త కార్లు కొన్నది ఇలా కడుపు నిండాకే. విదోయే మాత్రం గేటు దగ్గరే నిలబడి, "ముందు బండి, తర్వాత బల్ల" అనేవాడు. ఇంటావిడలు మూతి ముడుచుకునేవాళ్లు. మిలూంకాయే వాళ్లకు సర్దిచెప్పేది. ఆయనకు అరుగుదల బాగాలేదని అబద్ధమాడేది.

ఇలా ఊరందరికీ కార్లు చూసిపెట్టిన మనిషికి సొంత కారు లేదు. ఒకప్పుడు ఉండేది. తెల్ల ఫీచా. ప్రతి ఎండాకాలం సెలవులివ్వగానే దాని నెత్తిన పెట్టెలూ పరుపులూ తాళ్లతో కట్టుకుని ఇద్దరూ సముద్రానికి బయల్దేరేవాళ్లు. ఇవాన్ కనుమ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కకుండా వెనక మూత ఎత్తి, సందులో కర్రముక్క పెట్టి, నోరు తెరుచుకున్న బండితో దేవుడా దేవుడా అని ఎక్కేవాళ్లు. కొండ దిగాక నెరెత్వా నది పక్కన తోడొచ్చేది. ఆ తర్వాత ఒక మలుపులో ఉన్నట్టుండి సముద్రం. ఆ మలుపు దగ్గర మిలూంకా ప్రతిసారీ చెప్పులు విప్పేసేది. ఇంకా గంట ప్రయాణం ఉన్నా సరే.

తీరం వెంట మకార్స్కా అనే ఊరు దాటాక ఒక చిన్న రేవు, అక్కడ యెర్కో అనే జాలరి ఇల్లు. మొదటి ఏడాది అతని మేడ మీద గది అద్దెకు తీసుకున్నారు. రెండో ఏడాది అద్దె తీసుకోనన్నాడు. విదోయే ఊరుకుంటాడా, కుండెడు మీగడ, దోరగా పొగబెట్టిన తొడ మాంసం మోసుకెళ్లి వంటింట్లో పెట్టేవాడు. మగవాళ్లిద్దరూ సాయంత్రాలు గోడ మీద కూర్చుని ఒకరి మాట యాసను ఒకరు వెక్కిరించుకునేవాళ్లు. యెర్కోకి ఆడపిల్ల పుట్టింది, తోంకా. పిల్ల నడక నేర్చిన ఏడాది, మొదటిసారి జుట్టు కత్తిరించడానికి యెర్కో కత్తెర తెచ్చి విదోయే చేతిలో పెట్టాడు. వాళ్లది ఒక చర్చి, వీళ్లది ఇంకో చర్చి, జ్ఞానస్నానానికి తోడు నిలబడ్డం కుదరదు. పుట్టు జుట్టు తీసే కూమ్‌గా ఉండడానికి మాత్రం ఏ చర్చీ అడ్డురాదు. కూమ్ అంటే మా దగ్గర నెత్తురు కలవని అన్నదమ్ముడు. మంచికీ చెడ్డకీ ముందు నిలబడాల్సిన మనిషి. విదోయే చెయ్యి వణికింది. లక్షల రేకులు కోసిన చెయ్యి ఆ చిన్న ముంగురు కొయ్యడానికి వణికిందని యెర్కో ఏళ్ల తరబడి ఆటపట్టించాడు.

ఆఖరిసారి వెళ్లొచ్చినప్పుడు "వచ్చే ఏడాది" అనుకుని విడిపోయారు. వచ్చే ఏడాది యుద్ధం వచ్చింది. దేశం ముక్కలైంది, ఫోన్లు తెగిపోయాయి, సముద్రం పరాయిదేశంలోకి పోయింది. ఆ తర్వాతి చలికాలాల్లో ఒకదాంట్లో, ఇంట్లో పొయ్యిలోకి ఏమీ లేని రోజున, తెల్ల ఫీచాను ఇచ్చేసి బండెడు కట్టెలూ ఒక పందినీ తెచ్చుకున్నారు. ఆ మాంసం తిన్నన్నాళ్లూ విదోయే తల ఎత్తలేదు.

పింఛను వచ్చిన ఏడాది ఆయనే ఒకరోజు అన్నాడు, "ఇక మనకో ఫీచా చూద్దాం. యెర్కో దగ్గరికి వెళ్దాం." మిలూంకాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాత ఈత బట్టలు తీసి చూసుకుంది, అవి పట్టేలా లేవని నవ్వుకుంది. ఈ ఎండాకాలమే అనుకుంది. అప్పట్నుంచీ ఎన్ని ఎండాకాలాలు వెళ్లిపోయాయో లెక్కపెట్టడం మానేసింది. రేవు, గోడ, చెట్టు మీదే పగిలిపోయే అంజూరాలు, బొగ్గుల మీద చేపల వాసన, ఇవన్నీ ఆవిడకు ఉన్న ఊరికంటే దగ్గరగా ఉండేవి. గిన్నెలు కడుగుతూ ఉప్పునీళ్ల మీద బెంగ పెట్టుకునేది. అంత చిన్న సంగతికి ఈ వయసులో ఏడుపేమిటని తనని తనే తిట్టుకునేది.

కార్లు లేక కాదు. ఇద్దరూ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగారు. ప్రతిదానికీ వంకే.

"ఏమైంది ఈసారి?"

"నూనె కారుతోంది."

"ఒక్క చుక్క. నేనూ చూశా. వానొస్తే మన వంటింట్లో అంతకంటే ఎక్కువ కారుతుంది."

"ఇక్కడ చుక్క. ఇవాన్ కనుమ మీద చెంబెడు."

ఇంకోసారి ముందు చక్రం ఊగుతోందన్నాడు. "నీ పన్నూ ఊగుతోంది, నిన్ను పారేశానా?" అంది మిలూంకా. ఇంకోసారి గేరు మార్చేటప్పుడు మూలుగుతోందన్నాడు. నువ్వు మంచం దిగేటప్పుడు మూలగవా అని అడిగింది. ఆయన నవ్వాడు గానీ కారు మాత్రం కొనలేదు.

ఆవిడకు అంతుపట్టనిది ఒకటుంది. పరాయివాళ్లకైతే, "తుప్పుంది, కానీ ఎముక గట్టిది, తీసుకో" అని తేల్చేసేవాడు. వాళ్లు తీసుకెళ్లి హాయిగా తోలుకునేవాళ్లు. తన దాకా వచ్చేసరికి ఆవగింజంత లోపం గుమ్మడికాయంత అయ్యేది. బస్సులో వెళ్దామంటే ఒప్పుకోడు. ఆవిడ చెల్లెలి కొడుకు తన కొత్త కారు ఇస్తానన్నా ఒప్పుకోడు. "ఫీచాలో వెళ్లేవాళ్లం, ఫీచాలోనే దిగాలి. బస్సు దిగితే యెర్కో నవ్వుతాడు" అనేవాడు. పోనీ ఒక ఫోన్ చెయ్యవయ్యా అంటే, "ఫోన్లో ఏం మాట్లాడతాం, ఎదురుగా వెళ్లి మాట్లాడాలి గానీ" అనేవాడు. మాట సబబుగానే ఉండేది. అదే ఆవిడకు ఒళ్లు మండించేది.

చివరికి గ్రూజా వైపు ఒక పల్లెలో కోసరా అనే ముసలావిడ ఫీచా అమ్ముతోందని తెలిసింది. ఒకే చేతిలో ఉన్న బండి. ఆవిడ మొగుడు కొన్నాడు, ఆయనే తోలాడు, ఆయన పోయాక కొట్టంలోనే ఉంది. మేనల్లుడు అప్పుడప్పుడూ వచ్చి ఇంజను తిప్పి పోతాడట. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లారు.

కోసరా నల్లటి తలగుడ్డ సర్దుకుంటూ కొట్టం తలుపు తీసింది. రేగుపళ్ల పెట్టెల మధ్య, పాత దుప్పటి కింద, లేత నీలం రంగు ఫీచా. దుప్పటి లాగేసరికి మిలూంకా ఒక అడుగు ముందుకేసింది.

"మా ఆయన దీన్ని గుడికీ, సంతకీ, పళ్ల డాక్టరు దగ్గరికీ తప్ప ఎక్కడికీ తీసేవాడు కాదు మేస్త్రీ" అంది కోసరా. "వాన పడిందంటే అసలే తీయడు. నేను తడిసినా ఫర్లేదు గానీ అది తడవకూడదు."

"అదృష్టవంతురాలివమ్మా" అంది మిలూంకా. "మా ఆయనకి ఎండలో తీయడానికి కూడా కారు లేదు."

విదోయే వెనక మూత మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. తాళం తిప్పితే ఒకసారి దగ్గి లేచింది, సన్నగా, ఒద్దికగా తిరిగింది. పొగ లేదు. నూనె మూత విప్పి లోపల వేలు పెట్టాడు. తెల్ల నురగ లేదు, నీళ్లు కలవలేదన్నమాట. మిలూంకా అయస్కాంతం అందించింది. తలుపుల కింద, చక్రాల మీద, దీపాల చుట్టూ టక్కు టక్కున అతుక్కుంటూ పోయింది. ఆ చప్పుడు వింటూంటే ఆవిడకు గుండెలో కూడా అదే చప్పుడు. కాళ్ల కింది రబ్బరు పట్టా ఎత్తి చూశాడు. అడుగు రేకు పొడిగా, ఫ్యాక్టరీలో వేసిన రంగుతోనే ఉంది. మిలూంకా ముఖం తిప్పుకుంది. మరీ సంతోషించినట్టు కనిపిస్తే ఎక్కడ దిష్టి తగులుతుందోనని భయం.

విదోయే అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరాడు. బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. చాలాసేపు ఏ అలికిడీ లేదు. కోసరా కోళ్లను అదిలించింది. మిలూంకా అట్టముక్క అంచునే చూస్తూ నిలబడింది.

"దూలం పోయింది" అని కింద నుంచి మాట వచ్చింది. "అడుగు దూలం కుళ్లిపోయింది. బండి పనికిరాదు."

కోసరా రేగుపళ్ల పెట్టె మీద కూలబడింది. "మేస్త్రీ అన్నాక ఇక మాటేముంది" అంది. "తుక్కువాణ్ణి పిలుస్తా. నయం, ఈ మాట వినడానికి ఆయన లేడు."

మిలూంకాకి ఈసారి ఆయన్ని తిట్టాలని కూడా అనిపించలేదు. దూలం పోయిన బండిని కొనమని తనైనా ఎలా అంటుంది? మలుపు, సముద్రం, గోడ, అన్నీ మళ్లీ దూరం జరిగిపోయాయి. ఇక ఈ జన్మకింతే, బతికుండగా చూడను అనుకుంది. సంచీ భుజానికి తగిలించుకోబోయి ఆగింది.

చప్పుడు వినపడలేదు.

ఇన్నేళ్లలో విదోయే కారు కింద దూరిన ప్రతిసారీ ఆవిడ ఆ చప్పుడు వింది. స్క్రూడ్రైవర్ పిడితో దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా కొట్టుకుంటూ పోతాడు. మంచి దూలం ఖంగుమంటుంది, పుచ్చినది తడి సంచీని కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. తేడా ఆవిడకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఇవాళ ఆయన కొట్టలేదు. కొట్టకుండానే పోయిందన్నాడు. కార్ల విషయంలో విదోయే అబద్ధమాడడని ఊరంతా ఒట్టేసి చెబుతుంది. ఒకసారి ఒకడు తొడ మాంసం ఆశపెట్టి మంచిమాట చెప్పమంటే ఆ మాంసంతోనే వాణ్ణి తరిమాడు. అలాంటి మనిషి.

ఆవిడ సంచీ కింద పెట్టింది. కారు పట్టుకుని ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది నేలకు ఆనించింది.

"జరుగు."

"మోకాళ్లు పట్టేస్తాయే, ఎక్కడికొస్తున్నావ్?"

"జరగవయ్యా."

పక్కన చేరి వెల్లకిలా పడుకుంది. ముక్కుకు జానెడు దూరంలో కారు కడుపు. దుమ్ము తప్ప ఏమీ లేదు. దుమ్ము వేలితో తుడిస్తే లేత నీలం. ఆయన గుప్పిట్లోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని దూలం మీద కొట్టింది. ఖంగుమంది. కాస్త అవతల కొట్టింది. అక్కడా అంతే.

"ఇదేనా కుళ్లిన దూలం?" అంది, పైన కోసరాకి వినపడకుండా.

విదోయే ఆవిడ వైపు చూడలేదు.

"బండి బాగుంది" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది."

"ఎక్కడా వంక లేదే. వెతికాను. దేవుడి మీద ఒట్టు, వంక కోసమే వెతికాను."

"ఎందుకు?"

"వంక లేకపోతే వెళ్లాలి కదా."

మిలూంకాకి ముందు కోపం వచ్చింది. అరిచేంత కోపం. తను గిన్నెల ముందు ఏడ్చిన ఎండాకాలాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కానీ ఆయన గొంతు ఎప్పుడూ అలా వినలేదు, అందుకని ఊరుకుంది.

"వెళ్లి ఏమడగను?" అన్నాడు విదోయే. "ఏరా, బతికే ఉన్నావా అనడగనా? ఫోన్లు లేనన్నాళ్లూ లేవనుకున్నా. వచ్చాక ఎన్నిసార్లు తీశానో, తీసి పెట్టేశానో. ఒక ఏడాది వీల్లేక చెయ్యలేదు, రెండో ఏడాది ముఖం చెల్లలేదు. ఆ తీరం మీద మనవాళ్ల బాంబులు పడుతుంటే ఇక్కడ టీవీ ముందు కూర్చుని చూశాను మిలూంకా. చూసి అన్నం తిన్నాను. కూమ్ అనేవాడు అలా ఉంటాడా? వాడు తలుపు తీసి నన్ను చూసి మళ్లీ వేసేసుకుంటే నేనేమైపోవాలి?"

"నేను మాత్రం చేశానా?" అంది మిలూంకా. ఆ మాట అంటున్నప్పుడే ఆవిడకు సిగ్గేసింది. "నువ్వు చేస్తావని ఎదురుచూస్తూ కూర్చున్నా. తోంకాకి పెళ్లయిందో లేదో కూడా తెలీదు నాకు. సముద్రం సముద్రం అని నీ ప్రాణం తీశా గానీ, వాళ్ల పేరెత్తడానికి నాకూ భయమే."

ఇద్దరూ పైకి చూస్తూ పడుకున్నారు. పైన కోసరా ముక్కు చీదుకోవడం వినపడింది.

"ఏమని మొదలుపెట్టాలంటావ్?" అన్నాడు.

"కారు దిగి నిలబడు చాలు. తిడితే తిట్లు తిందాం. తలుపేసుకుంటే బయట కూర్చుందాం. నాకు మాత్రం ఇక ఓపిక లేదు. నువ్వు రాకపోతే నేనే తోలుకుపోతా."

"నీకు గేరు మార్చడం రాదు."

"రాకపోతే మొదటి గేర్లోనే పోతా."

ఆయన గొంతులో ఏదో నవ్వులాంటిది కదిలింది. మిలూంకా ఇక ఆలస్యం చేయలేదు. అక్కడి నుంచే గట్టిగా అంది: "కోసరమ్మా, తుక్కువాణ్ణి పిలవకండి. మా ఆయనకి కళ్లజోడు మార్చాలి. మీ దూలం నిక్షేపంగా ఉంది. మీ ఆయన బండిని బంగారంలా చూసుకున్నాడు."

కోసరా ఏడుస్తూనే లోపలికి పోయి బల్ల సర్దింది. ఆ రోజు విదోయే బేరం తేల్చుకుని, బల్ల మీద పెట్టినవన్నీ తిన్నాడు. బయల్దేరేటప్పుడు ముసలావిడ కలిసిరావాలని కారులోకి గుప్పెడు చిల్లర విసిరింది. దారి నీళ్లలా సాఫీగా సాగాలని చక్రాల వెనక చెంబుడు నీళ్లు పోసింది. అది వెళ్లిపోవడం చూడలేక కొట్టం తలుపేసుకుంది.

ఎండలు ముదరకముందే ఇద్దరూ బయల్దేరారు. ఒకప్పుడు ఒక్క సరిహద్దు కూడా లేని దారిలో ఇప్పుడు రెండున్నాయి. రెండో చోట కుర్ర పోలీసు కాగితాలు చూసి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మా తాతకుండేది ఇలాంటిది" అని పంపించేశాడు. ఫీచా ఎక్కడా ఆగలేదు, ఎక్కడా దగ్గలేదు. ఇవాన్ కనుమని ముక్కకుండా ఎక్కింది. విదోయే మాత్రం దారంతా చెవి వెనక్కి పెట్టి తోలాడు. ఎక్కడో ఏదో చప్పుడు వస్తుందని, ఆగొచ్చని, వెనక్కి తిరగొచ్చని ఇంకా ఆశ ఉందేమో. మిలూంకా అడగలేదు. నది తోడొచ్చింది. మలుపు తిరిగింది. సముద్రం ఉన్నచోటే ఉంది. చెప్పులు విప్పుదామని వంగింది గానీ విప్పకుండానే కూర్చుంది.

రేవు దగ్గర కొత్త ఇళ్లు లేచాయి. యెర్కో ఇల్లు మారలేదు. అదే గోడ, అదే అంజూరం. విదోయే ఇంజను ఆపేలోపే లోపలి నుంచి ఒకామె బయటికొచ్చి గోడ దగ్గర నిలబడింది. చేతిలో సగం తోమిన చేప. చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. విదోయే దిగాడు. మిలూంకా చెప్పినట్టే తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"యెర్కో..." అన్నాడు.

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాన్న పోయాడు కూమ్" అంది. "మొన్నటి చలికాలం కాదు, అంతకుముందు చలికాలం."

తోంకా. మిలూంకా కారు ఇవతలి నుంచే ఆ పేరు పిలిచింది, పిలిచానని మాత్రం ఆవిడకు తెలియలేదు. తోంకా వచ్చి చేప వాసనతోనే ఆవిడ్ని వాటేసుకుంది.

"ఎలా గుర్తుపట్టావే తల్లీ?"

"చప్పుడు" అంది తోంకా. కళ్లు మోచేత్తో తుడుచుకుంది. "ఎండాకాలం సరదాకి ఇలాంటి పాత కార్లేసుకుని ఎవరెవరో వస్తుంటారు కదా. అటు రోడ్డు మీద ఆ చప్పుడు వినపడితే చాలు, నాన్న అన్నం ముందు నుంచి లేచి గోడ దగ్గరికొచ్చి నిలబడేవాడు. మేం నవ్వేవాళ్లం. నాన్నా, వాళ్లు కాదులే అంటే, కాదులే అని వచ్చి కూర్చునేవాడు. మంచం పట్టాక కూడా ఎవరొచ్చారో చూసిరమ్మని నన్ను పంపేవాడు. ఇవాళ చప్పుడు వినగానే నేనే లేచొచ్చా. ఎందుకొచ్చానో నాకే తెలీదు."

విదోయే తలుపు వదల్లేదు. మిలూంకా దగ్గరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన నీళ్లవైపు చూడలేదు, ఇంటివైపు చూడలేదు, కారునే చూస్తున్నాడు.

"రండి, ఎండలో నిలబడ్డారు" అంది తోంకా. "అమ్మ లోపలుంది. మీరొచ్చారని ముందు నెమ్మదిగా చెప్పాలి." ఆమె లోపలికి వెళ్లింది.

"ఇన్నేళ్లుగా వద్దన్నానే" అన్నాడు విదోయే. "నూనె కారేదీ, చక్రం ఊగేదీ. వాటిలో ఏది కొన్నా వచ్చేవాళ్లం. దారిలో ఆగిపోతే తోసుకుంటూ వచ్చేవాళ్లం, మిలూంకా."